అమెరికా నుంచి తిరిగొచ్చిన పిల్లలు హైదరాబాద్ బడిలో ఇమడలేకపోతుంటే ఏం చేయాలి?

కౌన్సెలర్ దగ్గరికి పరుగెత్తేముందు, ఇంట్లో మీరు పిల్లలతో మాట్లాడే తెలుగు ఎలాంటిదో ఒకసారి చెవిపెట్టి వినండి. మా గొడవంతా అక్కడే మొదలైంది.

2022 జూన్‌లో డాలస్ నుంచి వచ్చి కొండాపూర్‌లో దిగాం. పాపను నాలుగో తరగతిలో వేశాం. రెండో వారానికే డైరీలో ఎర్ర సిరా: 'టీచర్లకు మర్యాద ఇవ్వడం నేర్పండి'. ఏమైందే అంటే ఏడుపు. తీరా చూస్తే, తెలుగు మేడమ్ చెప్పింది అర్థంకాక ఇది లేచి, ఎంతో వినయంగానే, "మేడమ్, నువ్వు మళ్లీ చెప్పవా?" అందట. క్లాసంతా గొల్లుమంది. ఆ రోజు నుంచి దాని పేరు 'నువ్వు మేడమ్'.

దాని తప్పేముంది? డాలస్‌లో అది విన్న తెలుగంతా మేం దానితో మాట్లాడిందే. తిను, పడుకో, అల్లరి చెయ్యకు. 'మీరు' అనే మాట దాని చెవిన పడిందెప్పుడు?

మందు మా అత్తమ్మ కనిపెట్టింది. కరీంనగర్ మనిషి. "చెప్తే రాదు, వింటే వస్తది" అని, బడి నుంచి రాగానే "రండి రండి, చెప్పులు అక్కడ విడవండి, పాలు తాగుతారా?" అంటూ మనవరాల్ని మగపెళ్లివారిని పిలిచినట్టు పిలిచేది. పాప పడీపడీ నవ్వేది. నెల తిరిగేసరికి "తాగుతాను గానీ, మీరు చక్కెర ఎక్కువ వేయకండి" అనడం మొదలుపెట్టింది.

అక్షరాల గురించి బెంగ వద్దు. 2018 చట్టంతో ఇక్కడ ఏ బోర్డు బడైనా తెలుగు చెప్పి తీరాలి. తెలుగు అంతగా రానివాళ్లకు తొమ్మిది, పది తరగతుల్లో 'వెన్నెల' అనే తేలిక వాచకం కూడా పెట్టారు. అన్నట్టు, లెక్కల సార్ల మీదా నాకు కోపముంది. పాప పది లక్షల్ని 1,000,000 అని రాస్తే ఇంటూ కొట్టారు. కామా జరిగితే లక్షలు తగ్గుతాయా? ఫీజు మాత్రం కామా ఎక్కడున్నా తీసుకుంటారు.

ఇప్పుడు కొత్త చిక్కు. మా వాచ్‌మన్‌కి అరవై దాటాయి. మొన్న గేటు దగ్గర "ఏయ్, ఆ పార్సిల్ పైకి పంపు" అన్నాను. లిఫ్టులో పాప అడిగింది: "మమ్మీ, ఆయన తాతలాగా ఉన్నారు కదా, ఆయన మీరు కాదా?"

ఆరో అంతస్తు వచ్చేదాకా ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాను.