పాఠకుల ప్రశ్నలు – జవాబులు: కుకీల్లో ఏవి ఉంచాలి, ఏవి ఆపాలి?

ప్రశ్న: మాకు అల్లూరు దగ్గర రొయ్యల గుంటలున్నాయి. ఈమధ్య ఫోనులో క్రోమ్ తెరిచి గుంట నీటికి గాలి అందించే ఏరేటర్ల ధరలు చూశాను. అప్పటినుంచి వార్తలు చదవబోయినా, క్రికెట్ స్కోరు చూడబోయినా ఏరేటర్ల ప్రకటనలే కనబడుతున్నాయి. నా ఫోనులోకి ఎవరైనా చొరబడ్డారా? చాలా సైట్లు కుకీలకు అనుమతి అడుగుతుంటాయి కదా, దానికీ దీనికీ సంబంధం ఉందా?
– ఒక రైతు, నెల్లూరు జిల్లా

జవాబు: సంబంధం ఉంది. మీరు చెప్పిన లక్షణాలు చొరబాటువి కావు, కుకీల పనితీరువి.

వెబ్‌సైట్లకు ఆధారమైన హెచ్‌టీటీపీ అనే పద్ధతికి జ్ఞాపకం ఉండదు. మీరు ఒక పేజీ నుంచి మరో పేజీకి వెళితే, ఇందాక వచ్చినవారే మళ్లీ వచ్చారన్న సంగతి సైటును నడిపే కంప్యూటరుకు, అంటే సర్వరుకు, దానంతటదిగా తెలియదు. ఆన్‌లైన్ దుకాణంలో కొనుగోలుదారు బుట్టలో వేసుకున్న సరుకులను గుర్తుంచుకోవడం ఎలాగన్న సమస్య ఎదురైనప్పుడు, నెట్‌స్కేప్ సంస్థలో పనిచేస్తున్న లూ మాంటుల్లీ 1994లో కుకీని రూపొందించారు. సైటు పంపగా మీ బ్రౌజరు (క్రోమ్ లాంటిది) దాచుకుని, మళ్లీ ఆ సైటుకు వెళ్లినప్పుడల్లా తిరిగి చూపించే చిన్న సమాచారపు ముక్కే కుకీ. అది సుమారు 4 కిలోబైట్లకు మించదు. వైరస్ కాదు, ప్రోగ్రామూ కాదు. గుడి దగ్గర చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెను మీద అంకె మాత్రమే ఉండి, చెప్పులు స్టాండులోనే ఉన్నట్లు, చాలా కుకీల్లో ఒక గుర్తింపు సంఖ్య మాత్రమే ఉంటుంది. మీ గురించిన వివరాలు సంస్థ సర్వరులో ఉంటాయి.

చిక్కంతా ఆ సంఖ్యను ఎవరు ఇచ్చారన్న దగ్గరే ఉంది. ఏరేటర్లు అమ్మే సైటు ఇచ్చిన కుకీని ఆ సైటే చదవగలదు. అయితే ఆ పేజీలో అమ్మకందారు సొంత సమాచారంతోపాటు, ఒక ప్రకటనల సంస్థ నుంచి వచ్చి చేరే భాగం కూడా సాధారణంగా ఉంటుంది. దాన్ని తెచ్చుకోవడానికి మీ బ్రౌజరు ఆ సంస్థ సర్వరును సంప్రదించినప్పుడు, అది తన కుకీని కూడా మీ ఫోనులో పెట్టిస్తుంది. ఆ తర్వాత మీరు తెరిచిన వార్తల పేజీలోనూ అదే సంస్థ భాగం ఉంటే, బ్రౌజరు ఆ కుకీని మళ్లీ చూపిస్తుంది. ఏరేటర్ల ధరలు చూసింది ఈ బ్రౌజరేనని సంస్థ గుర్తుపడుతుంది. మీ పేరు తెలియకపోయినా దాని పని జరిగిపోతుంది. వీటినే థర్డ్ పార్టీ కుకీలు అంటారు. ఆపవలసినవి ఇవే.

సఫారీ బ్రౌజరు 2020 మార్చి నుంచి వీటిని తనంతట తానే అడ్డుకుంటోంది. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఏ సైటులో పెట్టిన కుకీని ఆ సైటుకే పరిమితం చేస్తోంది. క్రోమ్‌లో మాత్రం వీటిని పూర్తిగా తొలగిస్తామని గూగుల్ 2020లో ప్రకటించి, 2024లో ఆ ఆలోచన విరమించుకుంది. కాబట్టి ఆ పని మీరే చేసుకోవాలి. క్రోమ్‌లో పైన కనిపించే మూడు చుక్కలను నొక్కి, సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ అన్న భాగానికి వెళ్లి, థర్డ్ పార్టీ కుకీలను బ్లాక్ చేయండి. అరుదుగా ఏదైనా సైటు సరిగా పనిచేయకపోతే, ఆ ఒక్క సైటుకు మినహాయింపు ఇవ్వవచ్చు.

దీనితో ప్రకటనలు ఆగిపోవు. మీ వెంటపడటం తగ్గుతుంది. గూగుల్, ఫేస్‌బుక్ ఖాతాల్లో లాగిన్ అయి ఉన్నప్పుడు ఆ సంస్థలు ఖాతా ద్వారానే మిమ్మల్ని గుర్తిస్తాయి కనుక, ఆ ఖాతాల్లోని ప్రకటనల సెట్టింగ్స్‌ను విడిగా మార్చుకోవాలి. యాప్‌లలో వచ్చే ప్రకటనలకు ఎక్కువగా ఆధారం కుకీలు కాదు, ప్రకటనల కోసం ఫోనుకు ఉండే గుర్తింపు సంఖ్య, అంటే అడ్వర్టైజింగ్ ఐడీ. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో దానిని తొలగించవచ్చు.

ఇక అనుమతి అడిగే పెట్టె సంగతి. ఐరోపా సమాఖ్య ఎలక్ట్రానిక్ సమాచారాల గోప్యతపై 2002 నాటి తన ఆదేశాన్ని 2009లో సవరించిన తర్వాత ఇవి మొదలయ్యాయి, 2018 మే 25న జీడీపీఆర్ అనే ఐరోపా డేటా పరిరక్షణ చట్టం అమలులోకి వచ్చాక విపరీతంగా పెరిగాయి. అన్నిటినీ అంగీకరించే బొత్తాం పెద్దదిగా, రంగులో మెరుస్తూ ఉంటుంది. అవసరమైనవాటిని మాత్రమే అనుమతించే మార్గం చిన్న అక్షరాల్లో, ఒక్కోసారి రెండో పేజీలో ఉంటుంది. చదివి అర్థం చేసుకునే వీలు లేని భాషలో అడిగి, తొందరలో నొక్కించుకున్న అంగీకారాన్ని అంగీకారంగా లెక్కించడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, అంగీకారం కోరుతూ ఇచ్చే నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో గాని చదువుకునే అవకాశం కల్పించాలి. తెలుగు వాటిలో ఒకటి. ఇచ్చినంత తేలికగానే అంగీకారాన్ని ఉపసంహరించుకోగలగాలని కూడా ఆ చట్టం చెబుతోంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమలులోకి వస్తాయి. అప్పటిదాకా తిరస్కరించే బొత్తాం ఎక్కడుందో ఒక్క క్షణం ఆగి వెతకండి.

ప్రశ్న: నేను ఒంగోలులో డిగ్రీ చదువుతున్నాను. ఉద్యోగాల దరఖాస్తులు నెట్ సెంటర్‌లో నింపుతుంటాను. పని అయ్యాక విండో మూసేస్తే సరిపోతుందా? నా ఫోనులో రోజూ కుకీలు తుడిచేయమని స్నేహితురాలు చెబుతోంది. అది అవసరమా?
– ఒక విద్యార్థిని, ప్రకాశం జిల్లా

జవాబు: విండో మూస్తే సరిపోదు. మీరు లాగిన్ అయినట్లు సైటు గుర్తించేది కుకీ ద్వారానే కనుక, అది ఆ కంప్యూటరులో మిగిలిపోతే మీ తర్వాత కూర్చున్నవారు పాస్‌వర్డ్ తెలియకుండానే మీ ఖాతాలోకి వెళ్లగలరు. మూసిన విండోలను బ్రౌజరు తిరిగి తెరిచేలా అమర్చి ఉంటే, బ్రౌజరు మూయగానే పోవలసిన తాత్కాలిక కుకీలు కూడా మిగిలే అవకాశం ఉంది. అందువల్ల పని మొదలుపెట్టేముందే, మూయగానే కుకీలు చెరిగిపోయే ఇన్‌కాగ్నిటో విండో తెరవండి. పని పూర్తయ్యాక ముందు లాగౌట్ అయి, ఆపైన ఇన్‌కాగ్నిటో విండోలన్నిటినీ మూయండి. డౌన్‌లోడ్ చేసిన హాల్ టికెట్లు, సర్టిఫికెట్లు మాత్రం ఆ కంప్యూటరులోనే ఉండిపోతాయి. వాటిని మీరే తొలగించి, రీసైకిల్ బిన్‌ను కూడా ఖాళీ చేసి లేవండి.

మీ సొంత ఫోనులో రోజూ కుకీలు తుడవనవసరం లేదు. అలా చేస్తే ప్రతి సైటులోనూ మళ్లీ లాగిన్ కావలసి వస్తుంది, ఫోను వేగమూ పెరగదు. థర్డ్ పార్టీ కుకీలను ఆపి, ఇక వెళ్లని సైట్ల డేటాను అప్పుడప్పుడు తొలగిస్తే చాలు.