గెట్టు తగాదాలో మధ్యన కూర్చోబోతున్న మేనల్లునికి

చిరంజీవి మేనల్లునికి ఆశీస్సులు.

పరకాల దగ్గరి అన్నదమ్ముల గెట్టు (పొలం హద్దు) తగాదాలో మధ్యవర్తిగా కూర్చోమని ఇద్దరూ నిన్నే అడిగారని విని సంతోషించాను. అయితే వారు కోరింది తీర్పు కాదు, రాజీ. ఇరువైపులా డిపాజిట్ పెట్టించుకొని, తప్పెవరిదో తేల్చి జరిమానా వేసే పెద్దమనుషుల పంచాయితీలు చూస్తూ పెరిగిన మనకు, నిర్ణయాన్ని తగాదా పడ్డవారి చేతికే వదిలిపెట్టడం చాలా కష్టంగా ఉంటుంది.

ఒకసారి బావి నీళ్ల వంతుల తగువు చూడటానికి వెళ్తూ, ఎండ ఎక్కువగా ఉందని ఒక పక్షం వారి బండి ఎక్కాను. దారిలో తగువు ఊసే ఎత్తలేదు. కాని నేను ఆ బండి దిగడం అవతలి మనిషి చూశాడు, ఆ తరువాత నా మాట ఆయన చెవికెక్కలేదు, రాజీ కుదరలేదు. అందుకే ఇద్దరి ఇళ్లలోనూ కాకుండా బడి ఆవరణలో కూర్చోండి. వారిలో ఎవరితోనైనా నీకు కౌలో అప్పో ఉంటే ముందే చెప్పు. రెండోవారు వద్దంటే నొచ్చుకోకుండా తప్పుకో.

ఇద్దరితో విడివిడిగా కూడా మాట్లాడు, అక్కడ విన్నది వారి అనుమతి లేకుండా అవతలివారికి చేరవేయకు. ఎకరానికి నలభై గుంటలైతే వీరి పట్టుదల రెండు గుంటల మీద అంటున్నావు. తమ్మునికి కావలసింది ఆ రెండు గుంటలా, ట్రాక్టరు పోయేందుకు బాటా అన్నది నిదానంగా అడిగి తెలుసుకో. హద్దు ఎక్కడో నీవు చెప్పవద్దు, ఇద్దరి సమక్షంలో సర్వేయరు కొలవాలి.

అన్నిటికంటే నన్ను కలవరపెడుతున్నది వారి అక్క సంగతి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణతో హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమాన హక్కు వచ్చింది కనుక, ఆ భూమి తాతల నాటిదైతే ఆమెను పిలవకుండా రాసుకున్న కాగితం ఎంతో కాలం నిలవదు, పైగా ఆమెకు అన్యాయం చేసినట్టవుతుంది.

రాజీ కుదిరితే హద్దురాళ్లు ఎవరి ఖర్చుతో, ఏ తేదీలోగా పాతాలో కూడా రాయించి, అందరికీ చదివి వినిపించి సంతకాలు తీసుకో. తరువాత జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌కు, అంటే రాజీతో తగాదాలు తేల్చే న్యాయపీఠానికి, తీసుకెళ్లమని చెప్పు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం అక్కడి అవార్డు (రాజీని ఖాయం చేసే ఉత్తర్వు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు.

ఇట్లు,
నీ మేనమామ,
హనుమకొండ