తోమకముందు అడుగు చూడు

చిట్టితల్లీ,

నానమ్మ టీ సెట్టు అటక మీంచి దింపావనీ, అది ఎక్కడిదో ఎప్పటిదో తేల్చే పనిలో పడ్డావనీ అన్నయ్య ఫోన్లో చెప్పాడు. మన ఇంట్లో ఆ సెట్టుని పట్టించుకున్నది నా తర్వాత నువ్వే. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. కానీ "ఆదివారం అన్నీ తోమి ఫొటోలు తీస్తుందట" అనేసరికి నా గుండె జారింది. తోమకు. ఉత్తరం పూర్తిగా చదివేదాకా ఒక్క కప్పు కూడా నీళ్లలో పెట్టకు.

నువ్వు పంపిన సాసరు ఫొటో చూశాను. కిరీటం, దాని కింద కోల్‌పోర్ట్, ఏ.డి. 1750. రెండున్నర శతాబ్దాల నాటిదని మురిసిపోయావు. కాదమ్మా. అది ఆ కంపెనీ తన వంశం ఎంత పాతదో చెప్పుకోవడం, కప్పు పుట్టిన ఏడు కాదు. ఇంగ్లండులో సెవెర్న్ నది ఒడ్డున కోల్‌పోర్ట్‌లో జాన్ రోజ్ పింగాణీ పని మొదలుపెట్టిందే 1790లలో. ఈ 1750 ముద్ర వేయడం 1881 ప్రాంతంలో మొదలైంది. అందులోనే 'ఇంగ్లండ్' అన్న మాట ఉంది చూశావా? బయటి నుంచి వచ్చే సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో సుంకాల చట్టంలో పెట్టింది. అది అమల్లోకి వచ్చిన 1891 నుంచి ఇంగ్లీషు పింగాణీ మీద ఆ మాట మామూలైంది. 'మేడ్ ఇన్ ఇంగ్లండ్' అని పూర్తిగా ఉంటే ఎక్కువగా 1920ల తర్వాతిది. నీ సాసరు మీద ఉత్త 'ఇంగ్లండ్' ఒక్కటే ఉంది. అంటే 1891 తర్వాత ఓ ముప్పై ఏళ్లలో చేసినదై ఉండాలి. 1947లో వాల్తేరులో ఒక దొర సామానంతా అమ్ముకుని వెళ్లిపోతుంటే తాతయ్య కొన్నారు. అప్పటికే అది వాడిన సెట్టు.

ఆర్.డి. అని, అంటే రిజిస్టరైన డిజైను అని, ముందు రాసిన నంబరు ఏదైనా కనిపిస్తే రాసి పెట్టుకో. 1884లో ఒకటితో మొదలైన వరస అది. డిజైను ఎప్పుడు రిజిస్టరైందో చెబుతుంది, అంతే. కప్పు లోపల ఫోన్ టార్చి వేసి బయట వేళ్లు పెట్టు. నీడ కనిపిస్తుంది. అది బోన్ చైనా, అందులో సగం దాకా పశువుల ఎముకల బూడిదే. ఈ సంగతి తెలిస్తే మా అమ్మ ఆ సెట్టుని గడప లోపలికి రానిచ్చేది కాదు.

ఫొటోలో ముద్ర కింద ఎర్రగా ఓ మరక ఉంది. దానికోసమే ఈ ఉత్తరం.

పంపకాల్లో కప్పులు అన్నయ్యకి, టీ కెటిలు నాకు వచ్చాయి. మా పెద్దదాని పెళ్లిచూపులకి అది తళతళలాడాలని చింతపండు, బూడిద, స్టీలు పీచు పట్టుకుని పెరట్లో కూర్చున్నాను. కెటిలు అడుగున ముద్ర లేదు, ఎర్రగా ఏదో గీత మాత్రం ఉంది. ఎవరో అమ్మేటప్పుడు రాసిన గుర్తనుకున్నాను. పట్టి పట్టి రుద్దాను. పోయింది. పోయిందని సంతోషపడ్డాను కూడా. తర్వాత మూత అంచు తోముతుంటే నా బొటనవేలి మీద సన్నగా బంగారు పొడి మెరిసింది. అప్పుడు ఆగాను. అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఒక్క మాట అనలేదు. కెటిలు నా చేతిలోంచి తీసుకుని కొంగుతో తుడిచి లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆ ఎర్ర గీత నమూనా నంబరని చాలా ఏళ్లకి తెలిసింది. ఏ డిజైను వేశారో దాని నంబరు అడుగున కుంచెతో రాసేవాళ్లు. మెరుపు పూత మీద వేసి తక్కువ వేడిలో కాల్చిన రంగు, బంగారం ఇలా రుద్దితే నిలవవు. కోల్‌పోర్ట్ వాళ్లు ఆ రోజుల్లో అంకెల ముందు ఒక ఇంగ్లీషు అక్షరం వేసేవాళ్లు. ముద్ర లేని కెటిలుకి ఆ నంబరు ఒక్కటే ఆధారం. దాన్ని నా చేత్తో నేనే చెరిపేశాను.

అందుకే ముందు ప్రతి కప్పునీ బోర్లించి, భూతద్దంతో చూసి, ఫొటో తియ్యి. తర్వాత ప్లాస్టిక్ టబ్బులో తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్లలో ఒక్కొక్కటీ ముంచి, మెత్తని పాత పంచె ముక్కతో అద్దు. చేతి ఉంగరాలు తీసెయ్యి. పిడి పట్టుకుని ఎత్తకు, కింద చెయ్యి పెట్టు. సన్నని పగులున్న కప్పులో వేడి టీ పొయ్యకు. ఎవరైనా వచ్చి "ఒక్క కప్పు ఇవ్వండి, చూపించి తెస్తాను" అంటే ఇవ్వకు తల్లీ, ఎంత మంచివాడిలా కనిపించినా సరే.

కెటిలు నా చీరల పెట్టెలో పాత దుప్పట్లో చుట్టి ఉంది, మూతతో సహా. అక్షరం, అంకెలు నువ్వు ఫోన్లో చదివితే చాలు, రాసుకుంటాను. సంక్రాంతికి కెటిలు ఒళ్లో పెట్టుకుని బస్సెక్కుతాను.

మీ అత్తయ్య