విలువ యాడ చేతులు మారుతోందో చూడు

కర్నూలు

చిరంజీవికి పెదనాయన ఆశీస్సులు.

అబ్బీ, ఉల్లిగడ్డల కాటా చీటీ కోసం నువ్వు జావాస్క్రిప్టులో రాసిన లెక్క తప్పుతోందన్నావు, బటన్ నొక్కినా పనిచేయలేదన్నావు. కోడంతా తిరగరాయొద్దు. ఫంక్షన్‌లోకి, అంటే పేరు పెట్టి పిలిచి పని చేయించుకునే కోడు ముక్కలోకి, ఏం పోతోంది, ఏం బయటికొస్తోంది, ముందు ఆ రెండు చోట్లే చూడు.

'మొత్తం' అనే ఫంక్షన్‌కు ధర, క్వింటాళ్లు, హమాలీ అని మూడు పేర్లు పెట్టు. పేర్లు తెలుగులో ఉన్నా జావాస్క్రిప్టు ఒప్పుకుంటుంది. ధరను క్వింటాళ్లతో గుణించి హమాలీ తీసెయ్. 1800, 12, 240 పంపితే 21,360 రావాలి. పంపేటప్పుడు చూసేది వరసనే. 1800, 240, 12 అని పంపితే 4,31,988 చూపిస్తుంది, ఎర్రర్ మాత్రం రాదు. హమాలీ పంపకుంటే ఆ చోట 'అన్‌డిఫైన్డ్', అంటే విలువే లేదని, ఉండి, జవాబు 'నాన్' అవుతుంది, అంటే అంకె కాదని. హమాలీ పక్కన 'సమానం సున్నా' రాస్తే ఆ బాధ తప్పుతుంది.

ఫారం గడిలోంచి వచ్చేది, దాని రకం నంబర్ అని పెట్టినా, స్ట్రింగే, అంటే అక్షరాల వరసే. గుణకారం, తీసివేత దాన్ని అంకెగా మార్చుకుంటాయి గనక తప్పు దాక్కుంటుంది. కూడిక దగ్గర బయటపడుతుంది: 1800కు 50 కలిపితే 180050. గడిలోంచి తీసుకున్న చోటనే 'నంబర్' ఫంక్షన్‌తో మార్చేసెయ్.

కన్సోల్‌లో, అంటే బ్రౌజర్ సందేశాల కిటికీలో, చూపించడం వేరు, రిటర్న్ చేయడం, అంటే జవాబును పిలిచినోడికి తిరిగివ్వడం వేరు. రిటర్న్ లేకుంటే పిలిచినోడికి అందేది అన్‌డిఫైన్డే. రిటర్న్ రాసి ఎంటర్ కొట్టి కింది లైన్లో విలువ రాసినా అంతే, ఆ మాట దగ్గరే వాక్యం ముగిసిపోతుంది.

ఇంక ఎక్కువమంది తడబడేది ఆబ్జెక్టుల, అంటే పేర్లతో విలువలు దాచుకున్న మూటల, దగ్గర. అంకెను పంపితే దాని నకలు పోతుంది, లోపల ఏం చేసినా బయటి అంకె కదలదు. చీటీ మొత్తాన్ని ఆబ్జెక్టుగా పంపితే పోయేది చిరునామా నకలు. అందుకే లోపల చీటీలోని ధరను 1750 చేస్తే బయట కూడా మారిపోతుంది. లోపల చీటీ అనే పేరుకే కొత్త ఆబ్జెక్టు తగిలిస్తే మాత్రం బయటిది అట్లే ఉంటుంది. పేరు ముందు 'కాన్‌స్ట్' పెట్టినా ధర మారకుండా ఆగదు, అది పేరును మాత్రమే కట్టేస్తుంది. ధరల జాబితాను సార్ట్ చేసినా, అంటే వరసలో పెట్టినా, అసలు జాబితానే తారుమారవుతుంది. మూడు చుక్కలతో (...) నకలు తీసి పంపు. కానీ అది పైపొరకే. చీటీలో ఇంకో ఆబ్జెక్టు ఉంటే లోపలిదాకా నకలు తీసే 'స్ట్రక్చర్డ్‌క్లోన్' వాడు.

నీ బటన్ పనిచేయనిది ఏమిటికంటే, క్లిక్‌కు ఫంక్షన్ పేరు ఇవ్వాల్సిన చోట బ్రాకెట్లు కూడా పెట్టినావు. పేజీ తెరవగానే అది నడిచిపోతుంది, బటన్‌కు అది రిటర్న్ చేసిన విలువే, ఏదీ చేయకుంటే అన్‌డిఫైన్డ్, మిగులుతుంది. ఉత్త పేరు ఇవ్వు. విలువలు కూడా పంపాలంటే ఆ పిలుపును '=>' గుర్తుతో రాసే చిన్న యారో ఫంక్షన్‌లో చుట్టు. ఆ లైను సరిచేసి, 1800, 12, 240 ఇచ్చి ఏమొచ్చిందో రాయి.

నీ పెదనాయన