ఆ పెన్సిలు గుర్తుల దగ్గర మొదలుపెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికాలో ఒక గాయక బృందంలో పాడే గుంటూరు కుర్రాడి మీద నువ్వు రాసిన కథ అందింది. సగం దాకా విసుగు పుట్టించి, ఆ తర్వాత ఒక అర పేరాలో నాకు నిద్ర లేకుండా చేశావు. అందుకే ఈ ఉత్తరం.

ముందు విసుగు సంగతి చెబుతాను. యేల్ విశ్వవిద్యాలయంలో విఫెన్‌పూఫ్స్ అనే గాయక బృందం ఉంది, వాద్యాలేవీ లేకుండా గొంతులతోనే పాడతారు, 1909లో అక్కడి గ్లీ క్లబ్బు అనే పెద్ద గాయక సంఘం కుర్రాళ్లు కొందరు న్యూ హేవెన్‌లోని మోరీస్ పానశాలలో చేరి పాడుకోవడంతో అది మొదలైంది, పాటల రచయిత కోల్ పోర్టర్ అంతటివాడు 1913లో అందులో పాడాడు, తోక కోట్లు, తెల్ల చేతితొడుగులు, సోమవారం రాత్రుళ్లు మోరీస్‌లో కచేరీ... అన్నీ నిజాలే. పేజీల తరబడి పేర్చావు. ఆ పైన నీ గుంటూరు కుర్రాడు సోలో పాడతాడు, హాలంతా లేచి నిలబడుతుంది, ఫోన్లో చూస్తున్న నాన్న కళ్లు తుడుచుకుంటాడు. ‘గంధర్వగానం’ అన్నావు, ‘అమృతం కురిసింది’ అన్నావు, ‘మంత్రముగ్ధులయ్యారు’ అన్నావు. పాటను వినిపించడం చేతకానప్పుడు అడ్డం పెట్టుకునే మాటలు ఇవి. ఆ హాల్లో నాకు ఒక్క స్వరమూ వినిపించలేదు.

ఇక ఆ అర పేరా. వెళ్లిపోతున్న బారిటోన్ గాయకుడు, అంటే మధ్యస్థాయి గొంతువాడు, నీ కుర్రాడి చేతిలో పాటల ఫైలు పెడతాడు. కాగితాల అంచులు నలిగి ఉంటాయి. స్వరాల గీతల మీద అక్కడక్కడా పెన్సిలుతో కామాలు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలిపే గుర్తులు. ఒకటి చెరిపి పక్కనే ఇంకొకటి. ఒక పుటలో మూడు రకాల చేతిరాతలు. కింద ఎవరో రాశారు: ‘ఇక్కడ తీయకు, పక్కవాడు తీస్తాడు.’ ఎవరు రాశారో నీ కుర్రాడికి తెలియదు. అంత రాసి, ఫైలు మూయించి, సోలో వైపు పరుగెత్తావు. ఎందుకు బాబూ? నీ కథ ఆ పుటలోనే ఉంది.

ఏళ్ల తరబడి ఒకటే చెబుతున్నాను, వినేవాళ్లు తక్కువ. బృందం గురించి రాయదలచినవాళ్లు ముందు నిలబడ్డవాణ్ని పక్కన పెట్టాలి. నాజర్ గారి పేరు బుర్రకథ తెలిసిన ప్రతివాడికీ తెలుసు. ఆయనకు అటూ ఇటూ నిలబడి డక్కీలు వాయిస్తూ ‘తందాన తాన’ అందుకున్నవాళ్ల పేర్లు ఎంతమందికి తెలుసు? కథకుడు ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇచ్చింది వాళ్లే. వంత లేకపోతే బుర్రకథే లేదు.

నీ బారిటోన్లు చేసే పని కూడా ఎంత కష్టమో నువ్వు నాకంటే దగ్గర నుంచి చూశావు. ఒకే ‘ఊ’ని చాలాసేపు పట్టి ఉంచాలి, ఒక్క ఊపిరిలో అది సాగదు. అందరూ ఒకేసారి గాలి పీలిస్తే శబ్దం తెగుతుంది. అందుకని ఒకడు అచ్చు మధ్యలోనే గొంతు సన్నగా తగ్గించి, నోటి ఆకారం మార్చకుండా గాలి తీసుకుని, అదే అచ్చు మీద మళ్లీ మెల్లగా వచ్చి కలుస్తాడు. వాడు వచ్చేదాకా పక్కవాడు కాస్త బలంగా పట్టి ఉంటాడు. తర్వాత గాలి తీసుకునే వంతు ఆ పక్కవాడిది. వినేవాళ్లకు తెగని ధార ఒకటే తెలుస్తుంది. పైగా తంబురా లేదు, శ్రుతిపెట్టె లేదు. మొదట్లో అరచేతిలో ఇమిడే గుండ్రటి పిచ్ పైపులో ఒక్క స్వరం ఊదుతారు, అంతే ఆధారం. గొంతులు అలిసేకొద్దీ శ్రుతి కిందికి జారుతుంది. పద్నాలుగు మందీ కలిసే జారతారు కనుక ఎవరికి వారికి తాము సరిగానే ఉన్నామనిపిస్తుంది. పాట ముగిశాక నాయకుడు పైపు మళ్లీ ఊది చూసుకుంటే తెలుస్తుంది ఎంత దిగిపోయారో. ఆ ఊదే క్షణాన్ని నువ్వు రాసి ఉంటే నీ ‘అమృతం’ అంతా అక్కర్లేకపోయేది.

ఇంకొకటి నువ్వు గమనించినట్టు లేదు. ఆ బృందంలో ఏటా పద్నాలుగు మందీ మారిపోతారు. దేశాలు తిరిగి పాడి, తర్వాతి ఏటి పద్నాలుగు మందిని పరీక్షించి ఎంచుకుని దిగిపోతారు. పాతవాడు ఒక్కడూ మిగలడు. మన భజన బృందాల్లో ముసలాయన ఒకరు ఉండి పిల్లలను సరిదిద్దుతారు. అక్కడ ఆ ముసలాయన లేడు. నూరేళ్లు దాటిన సంప్రదాయాన్ని ఏడాదికి మించి ఉండనివాళ్లు మోస్తున్నారు. మరి ఆ స్వరం ఎలా దాటుతోంది ఒక గుంపు నుంచి మరో గుంపుకు? మోసుకెళ్లేది ఆ ఫైలే, ఆ కామాలే. వాళ్లు కచేరీ ముగించే పాట చూడు. బొంబాయిలో పుట్టిన ఆంగ్ల కవి కిప్లింగ్ సైనికుల మీద రాసిన పద్యానికి విద్యార్థులు కట్టిన పేరడీ అది. దారి తప్పిన గొర్రెపిల్లలమంటూ అరుపులు కూడా పెట్టుకున్నారు. చివరికి, మిగతావాళ్లలాగే మేమూ వెళ్లిపోతాం, మమ్మల్నీ మరిచిపోతారు అంటారు. ఇరవయ్యేళ్ల కుర్రాళ్లు ఆ మాట పాడుతుంటే నవ్వులాట అనుకుని వదిలేశావు.

నేను బడిపంతులమ్మగా ఉన్న రోజుల్లో మా ఊరి రామమందిరంలో తాళం వేస్తూ వంత పాడే ఒకాయన మీద కథ రాశాను. పిల్లలు పడుకున్నాక ఠావుల మీద రాసి, తిరుగు టపాకు స్టాంపులు జతచేసి పంపడం అప్పటి పద్ధతి. ఒక వారపత్రిక సంపాదకుడు వెనక్కి పంపుతూ, కథానాయకుడు ఎవరో తెలియడం లేదనీ, కొసమెరుపు లేదనీ, ఆడవాళ్లు ఇంటి సంగతులు రాస్తే బాగుంటుందనీ రాశాడు. ఆ కార్డు చదివిన కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. కథ మార్చలేదు. చాలాకాలానికి ఒక చిన్న పత్రిక వేసుకుంది, ఆ పత్రిక కూడా ఆగిపోయింది. అయినా ఆ తాళాలాయన కొడుకు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, పత్రిక కాపీ ఒకటి ఉంటే ఇమ్మని అడిగాడు. ఉన్నదొకటే. ఇచ్చేశాను.

ఇప్పటి పోటీలు అంతకంటే చెడ్డవి. అమెరికా కథ అంటే విమానాశ్రయం ఉండాలి, ఆవకాయ సీసా ఉండాలి, ఫోన్లో నాన్న కన్నీళ్లు ఉండాలి. నీ ముగింపులో ఆ న్యాయనిర్ణేతలే కనిపించారు నాకు. తీసెయ్.

అన్నిటికంటే బాధ కలిగించింది ‘కాలం మారింది’ అన్న నీ వాక్యం. ఎవరు మార్చారు? యేల్ కళాశాల అమ్మాయిలను చేర్చుకున్నది 1969లో. మోరీస్ పానశాల అమ్మాయిలకు సభ్యత్వం ఇచ్చింది 1974లో, అదీ దాని మద్యం లైసెన్సు మీద పోరాడాక. 1981లో ఆ అమ్మాయిలు విమ్ ఎన్ రిథమ్ అని తమ బృందం తామే పెట్టుకున్నారు. విఫెన్‌పూఫ్స్‌లోకి మొదటి అమ్మాయి 2018లో వచ్చింది, అంటే 109 ఏళ్లకు. ఇప్పుడు హెచ్చుగా పలికే టెనర్ నుంచి మంద్రంగా పలికే బాస్ దాకా ఆ స్థాయిల్లో పాడగలిగిన ఎవరైనా రావచ్చు. సరే, మగవాళ్ల ఊపిరికి పెట్టిన కామాలున్న పుట అలా కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి చేతికి వచ్చిందనుకో. ఏం చేస్తుంది? చెరుపుతుందా, పక్కన తన గుర్తు పెడుతుందా, ఎవరి ఊపిరిని తనది చేసుకుంటుంది? తర్వాతి ఏడు ఆ పుట అందుకున్నవాడు ఏం చదువుతాడు? నీ గుంటూరు కుర్రాణ్ని ఆమె పక్కన నిలబెట్టి చూడు.

పెన్ మసాలా మీద రాస్తే మనవాళ్లకు దగ్గరగా ఉంటుందా అని అడిగావు. 1996లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మన వైపు మూలాలున్న పిల్లలు మొదలుపెట్టిన ఆ బృందం మీద తప్పకుండా ఎవరో ఒకరు రాయాలి. వాళ్ల సాధన చూసి, వాళ్ల పక్కన కూర్చుని ఉంటే నువ్వే రాయి. పాఠకుడికి దగ్గరవుతుందన్న లెక్కతో మాత్రం వద్దు.

చరిత్ర అంతా తీసేసి, ఫైలు అందుకునే చోట మొదలుపెట్టు. అవసరమైన సంవత్సరాలు పాత్రల నోటినుంచి వాటంతట అవే వస్తాయి. సాధన గదికి మళ్లీ వెళ్లగలిగితే వెనక వరుసలో కూర్చుని, ఎవరు ఎక్కడ గాలి తీసుకుంటున్నారో పుస్తకంలో రాసుకో. ఉగాది లోపు పంపు. తర్వాత నాకు కంటి ఆపరేషన్ ఉంది, కొంతకాలం చదవనివ్వరు. అక్షరాలు కాస్త పెద్దవిగా అచ్చు తీసి పంపు.

ఆశీస్సులతో,
మీ టీచరమ్మ