నాన్న మంచం పట్టారు.. ఆరోగ్యశ్రీ మీద ఇంటికొచ్చి చూస్తారా?

ప్రశ్న: మా నాన్నకు 68 ఏళ్లు. నెల క్రితం పక్షవాతం వచ్చింది. ఆరోగ్యశ్రీ కార్డు మీద ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించాం. ప్రాణం దక్కింది గానీ కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. ముక్కులో పైపు, మూత్రానికి పైపు పెట్టి ఇంటికి పంపేశారు. నర్సును పెట్టుకునే స్తోమత లేదు. కార్డు మీద ఇంటికొచ్చి చూసేవాళ్లు ఎవరైనా ఉంటారా? – ఓ పాఠకురాలు, ప్రకాశం జిల్లా

సలహా: మీరు చెప్పే ఆరోగ్యశ్రీనే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారమ్మా. అది ప్రధానంగా ఆసుపత్రిలో చేసే చికిత్సకు డబ్బు కట్టే పథకం. రోజూ ఇంటికొచ్చి చూసే నర్సు ఖర్చు అందులో రాదు. కానీ కొన్ని జబ్బులకు డిశ్చార్జి తర్వాత ఏడాది పాటు ఫాలోఅప్ పరీక్షలు, మందులు ఉచితంగా ఇస్తారు. నాన్నగారి జబ్బు ఆ జాబితాలో ఉందో లేదో ఆసుపత్రిలో ఈ పథకం వివరాలు చూసే ఉద్యోగి ఆరోగ్యమిత్రను అడగండి. డిశ్చార్జి సమ్మరీ జిరాక్సులు నాలుగైదు తీయించి ఉంచుకోండి, ఎక్కడికెళ్లినా ముందు అదే అడుగుతారు.

ఇంటి దగ్గర సాయం కావాలంటే మీరు వెళ్లాల్సింది మీ ఊరి ఏఎన్‌ఎం (ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త అయిన నర్సు) దగ్గరికి. చాలా కుటుంబాలకు ఈ సంగతి తెలియక నెలల తరబడి కార్డు పట్టుకుని ఆసుపత్రుల చుట్టూ తిరుగుతుంటాయి. మంచం పట్టిన పెద్దవాళ్లను ఇంటికెళ్లి చూడటం, చూసుకునేవాళ్లకు నేర్పడం వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమంలో రాసి ఉన్న పనే. రాష్ట్రంలో 2023లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానంలోనూ 104 వాహనంతో ఊరికొచ్చే డాక్టరు మంచం మీదున్నవారిని ఇంటి దగ్గరే చూడాలని ఉంది. కాబట్టి మొహమాటపడకండి. ఆశా కార్యకర్తతో నాన్నగారి పేరు రాయించండి, 104 వచ్చే తేదీ కనుక్కోండి. అప్పటికీ ఎవరూ రాకపోతే పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) మెడికల్ ఆఫీసరుకు కాగితం మీద రాసివ్వండి. నోటిమాటగా అడిగినదాన్ని మరిచిపోతారు, కాగితం మీదున్నదానికి జవాబు చెప్పాలి.

ఏఎన్‌ఎం వచ్చినా గంటసేపే ఉంటారు. మిగతా రోజంతా చూసుకోవాల్సింది మీరే. అందుకే ఆమె వచ్చినప్పుడు పని మీ చేత చేయించి, పక్కనుండి చూడమనండి. పైపులో ఆహారం పోసేటప్పుడు నాన్నగారిని దిండ్ల ఆసరాతో లేపి కూర్చోబెట్టాలి. పోశాక కూడా అరగంట, ముప్పావు గంట అలాగే ఉంచాలి. పడుకోబెట్టి పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా వస్తుంది. ముక్కు దగ్గర పైపు మీద పెన్నుతో గీత పెట్టించుకోండి. గీత బయటికి జరిగితే పైపు కదిలినట్టే, ఇక నర్సు చూసేదాకా చుక్క కూడా పోయొద్దు. మూత్రం సంచి ఎప్పుడూ నడుముకంటే కిందే ఉండాలి. కుర్చీలోకి మార్చేటప్పుడు దాన్ని తీసి ఒళ్లో పెడుతుంటారు, అప్పుడే మూత్రం వెనక్కి వెళ్లి ఇన్ఫెక్షన్ వస్తుంది.

రాత్రయినా సరే రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి. నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడి, వేలితో నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలవుతున్నట్టు. పడిపోయిన చెయ్యి పట్టుకుని మాత్రం లేపకండి, భుజం జారుతుంది.

ఈ రెండు పైపులూ చాలామందికి జీవితాంతం ఉండేవి కావు. మింగగలుగుతున్నారా, మూత్రం సొంతంగా వస్తుందా అన్నది ఫాలోఅప్‌లో పరీక్షించమని మీరే అడగండి. ఎవరూ అడగక పైపులు అలాగే ఉండిపోయిన పేషెంట్లను చూస్తుంటే నాకు బాధగా ఉంటుంది. పక్షవాతంలో ఎక్కువ కోలుకునేది మొదటి మూడు నెలల్లోనే. అందులో ఒక నెల అయిపోయింది. ఫిజియోథెరపీ ఈ వారమే మొదలుపెట్టండి. ప్రభుత్వ జిల్లా ఆసుపత్రిలో ఆ విభాగం ఉంటుంది. రోజూ తీసుకెళ్లలేకపోతే ఒకసారి వెళ్లి వ్యాయామాలు ఫోన్లో వీడియో తీసుకుని రండి. బీపీ మాత్రలు, రక్తం పల్చబడే మాత్రలు ఒక్కరోజు కూడా ఆపొద్దు.

డబ్బు విషయానికొస్తే, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. దానికి మెడికల్ బోర్డు ఇచ్చే సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) కావాలి. కోలుకునే అవకాశం ఉందని బోర్డు కొన్నాళ్లు ఆగమనవచ్చు, అయినా గ్రామ సచివాలయంలో ఇప్పుడే వివరాలు కనుక్కోండి.

చలితో జ్వరం వచ్చినా, ఆయాసం వచ్చినా, పిలిస్తే పలకకుండా మత్తుగా ఉన్నా, మూత్రం ఆగిపోయినా ఏఎన్‌ఎం కోసం ఎదురుచూడొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఇంకోమాట, రాత్రిళ్లు మీరొక్కరే మేలుకుంటున్నట్టయితే ఇంట్లో ఇంకొకరికి కూడా ఈ పనులన్నీ నేర్పి వంతులు వేసుకోండి. నాన్నగారికి నెలల తరబడి మీ అవసరం ఉంటుంది.