ముందు నిద్ర, తర్వాతే చుట్టాలు

ప్రశ్న: మాది కావలి. బాబుకి ఐదేళ్లు, పాపకి 22 నెలలు. జూన్‌లో పిల్లలిద్దరినీ తీసుకుని డల్లాస్‌లో మా బావగారింటికి వెళ్తున్నాను. మావారికి సెలవు దొరకలేదు, నేనొక్కదాన్నే. మూడు నెలలు ఉంటాం. అత్తయ్య, మామయ్య అక్కడే ఉన్నారు, పాపని ఫోన్లో తప్ప చూడలేదు. మేం దిగిన మర్నాడు ఆదివారమని బంధువులందర్నీ భోజనానికి పిలిచిందట మా తోడికోడలు. పాప కొత్తవాళ్ల దగ్గరికి పోదు. విమానంలోనూ, వాళ్లందరి ముందూ ఏడుస్తుందేమోనని దిగులుగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: తల్లీ, విమానం సంగతి తర్వాత. నీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఆ ఆదివారం భోజనమే.

మా పెద్దాడికి నాలుగేళ్లప్పుడు ఒంగోలు నుంచి న్యూజెర్సీకి, మా ఆడబిడ్డ ఇంటికి వెళ్లాం. దిగిన మర్నాడే ఇంటినిండా జనం. రాత్రి ఒంటిగంటకి లేచి తెల్లారేదాకా ఆడినవాడు, చుట్టాలొచ్చే వేళకి నిద్రతో తూలుతున్నాడు. పెద్దనాన్న వరసాయన ఒకరు చేతులు చాపితే డైనింగు టేబులు కిందికి దూరాడు. “పిల్లాణ్ణి మనుషుల్లోకి రానివ్వరా ఏంది?” అన్నారెవరో. ఉక్రోషం పట్టలేక నేనే వాణ్ణి లాక్కొచ్చి ఆయన ఒళ్లో కూర్చోబెట్టాను. వాడు గుక్కపట్టి ఏడ్చిన ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. నేను మాట పడకూడదని బిడ్డని బాధపెట్టాను. నువ్వు ఆ పని చెయ్యొద్దు.

జూన్‌లో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. అక్కడ రాత్రి 2 అయితే కావలిలో మధ్యాహ్నం 12:30, మీ పాప బువ్వ తినే వేళ. లేచి ఆకలంటే అది పేచీ కాదు, కడుపు ఇంకా కావలిలోనే ఉంది. పెరుగన్నం పెట్టు, లైట్లు ఎక్కువ వెయ్యకు. పగలు ఎండపడే చోట తిప్పు. వారం రోజుల్లో చాలావరకు దారికొస్తారు. అందుకే తోడికోడలికి ఈ రోజే ఫోన్ చెయ్యి. “అక్కా, ఆ భోజనాలు వచ్చే ఆదివారానికి పెట్టుకుందాం, పిల్లలకి నిద్ర తేరుకోనీ” అను. ఆమె కాదనదు. అత్తయ్యతోనూ చెప్పు, పాప తనంతట తాను వచ్చేదాకా ఎత్తుకోవద్దని. నాయనమ్మకి అది కష్టమే, మనవరాలికోసం ఎన్నాళ్లుగానో చూస్తోంది కదా. ఇప్పటినుంచీ రోజూ ఒకే వేళకి ఫోన్లో ఆమె చేత ఒకే పాట పాడించు. అక్కడ ఆ గొంతు వినగానే పాప గుర్తుపడుతుంది.

ఇక టికెట్లు. పాపకి ఆగస్టులో రెండేళ్లు నిండుతాయి, తిరిగొచ్చేది సెప్టెంబరులో. రెండు నిండిన బిడ్డని ఒళ్లో కూర్చోబెట్టుకోనివ్వరు, వచ్చేటప్పుడు సీటు కొనాల్సిందే. ఇది బుకింగ్‌లో ఉందో లేదో చూసుకో. పోయేటప్పుడు కూడా కొనగలిగితే కొను. విమానంలో ఇచ్చే తొట్టి ఆ వయసు బిడ్డకి చాలదు.

మీవారి చేత పిల్లల్ని నీతో పంపడం తనకిష్టమేనని కాగితం రాయించి, నోటరీ చేయించి పెట్టుకో. అడిగితే చూపొచ్చు.

మద్రాసు ఎయిర్‌పోర్టుకి కారులో నాలుగైదు గంటలు. పాప మధ్యాహ్నం పడుకునే వేళకి బయలుదేరు, సూళ్లూరుపేట దాకా నిద్రపోతుంది. పాప పాలు, మెత్తటి తిండి చేతిసంచిలో తీసుకెళ్లనిస్తారు. విమానం దిగేటప్పుడే చెవులు నొప్పెడతాయి, పాప నిద్రలో ఉన్నా లేపి ఏదో ఒకటి తాగించు. ఏడిస్తే ఏడవనీ, ఎవరికీ క్షమాపణలు చెప్పక్కర్లేదు.

ఊళ్లో ప్రతివాళ్లూ ఓ పొట్లం తెచ్చిస్తారు. పచ్చి కరివేపాకు మాత్రం వద్దను. దాంతో నిమ్మజాతి చెట్లకి తెగులు వస్తుందని అమెరికాలోకి రానివ్వరు, పొదలకూరు నిమ్మతోటల వాళ్లకి ఈ బాధ తెలుసు. మిగతా తినే వస్తువులన్నీ అక్కడ దిగాక కస్టమ్స్ వాళ్లకి చెప్పెయ్యి.

పాప పడుకునే పాత చీర బొంత ఏదైనా ఉంటే పెట్టెలో కాదు, చేతిసంచిలో పెట్టు. బయలుదేరే ముందు దాన్ని ఉతకొద్దు. ఇంటి వాసన దానికే ఉంటుంది.